మూడు పొరల గింజల సంచి: పొలం ఇంట్లో వాడాక చెబుతున్న మాట

గింజకి పురుగు పట్టకుండా కాపాడే, గాలి చొరని మూడు పొరల సంచి కొనాలా వద్దా అని అడిగేవాళ్ళకి ముందే చెప్పేస్తాను. విత్తనానికీ, వచ్చే కోత దాకా ముట్టుకోకుండా దాచుకునే గింజకీ తప్పకుండా కొనండి. రోజూ చెయ్యి పెట్టి తీసుకునే గింజకి మాత్రం వద్దు. అమ్మేవాళ్ళు మొదటి మాట చెబుతారు గానీ రెండోది చెప్పరు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మాది పొలంలోనే ఇల్లు. నేనూ మా ఆయనా, ఇద్దరు పిల్లలూ, మా అత్తయ్యా. ఒక పాడి ఆవు, కొన్ని కోళ్ళు, ఇంటి వెనక కూరగాయల మడి. శరదృతువు వచ్చిందంటే ఇక్కడ పనులన్నీ ఒకేసారి మీద పడతాయి. గుమ్మడికాయలు పండి తీగ మీదే ఉంటాయి, మొక్కజొన్న పొత్తులు ఒలవాలి, అలసంద కాయలు ఎండి పేలిపోకముందే కోసుకోవాలి. పొద్దున్నే పాలు పితికి, కోళ్ళని వదిలి, పిల్లలకి తలదువ్వి బడికి పంపేసరికి పట్టా మీద మంచు ఇంకా ఆరదు. ఆ మంచు ఆరాకే గింజ పరవాలి. ఎండ నీరెండగా మారేలోపే మళ్ళీ ఎత్తేయాలి. ఆ మధ్యలో దొరికే కొద్ది గంటల ఎండే ఏడాది పొడవునా మా ఇంటి గింజ ఎలా ఉంటుందో తేల్చేస్తుంది. ఈ సంచి గురించి నేను చెప్పే ప్రతి మాటా ఆ ఎండతో ముడిపడి ఉంది.

ముందు సంచి ఎలా ఉంటుందో చెప్తాను. పైన కనిపించేది మామూలు అల్లిక ప్లాస్టిక్ సంచే. దాని లోపల రెండు దళసరి ప్లాస్టిక్ సంచులు, ఒకదాంట్లో ఒకటి విడివిడిగా ఉంటాయి. వీటిని హెచ్‌డీపీఈ అనే రకం ప్లాస్టిక్‌తో చేస్తారు, మందం ఒక్కోటీ 80 మైక్రాన్లు. గాలిని ఆపేది ఆ లోపలి రెండే. పై సంచి బరువు మోయడానికీ, లాగేటప్పుడు చిరగకుండా ఉండటానికీ. ఎక్కువగా 50 కిలోలవీ 100 కిలోలవీ దొరుకుతాయి. నేను 50 కిలోలదే తీసుకోమంటాను. ఇంట్లో మగమనిషి లేని పూట కూడా దాన్ని వంచి, జరిపి, మూతి కట్టుకోగలం. 100 కిలోలది నింపాక కదపాలంటే ఇద్దరు కావాలి. కదపలేక నేల మీద లాగితే చిల్లు పడేది లోపలి పొరకే.

ఈ పద్ధతి పుట్టింది అలసందల కోసమే. 1980ల చివర్లో కామెరూన్‌లో అక్కడి పరిశోధకులతో కలిసి అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయానికి చెందిన లారీ మర్డాక్ బృందం దీన్ని రూపొందించింది. 2007లో గేట్స్ ఫౌండేషన్ డబ్బుతో పశ్చిమ, మధ్య ఆఫ్రికా పల్లెలకి పెద్ద ఎత్తున తీసుకెళ్ళారు. పిక్స్ (పర్డ్యూ ఇంప్రూవ్డ్ క్రాప్ స్టోరేజ్) సంచి అన్న పేరు అప్పటిదే. మొదట్లో ఆ పేరులో క్రాప్ అని కాక కౌపీ, అంటే అలసంద, అని ఉండేది. తర్వాత మొక్కజొన్నకీ ఇతర గింజలకీ పనికొస్తుందని తేలాక పేరులో అలసంద బదులు పంట అని చేర్చారు. ఇప్పుడు ఇదే పద్ధతిలో వేరే తయారీదారుల సంచులూ దొరుకుతున్నాయి. నా దగ్గరున్నవి ఒకే తయారీవి కావు. అందుకే ఏ ఒక్కదాని పేరూ ఎత్తకుండా రాస్తున్నాను.

పురుగు ఇందులో ఎలా చస్తుందో తెలుసుకోవడం నాకు చాలా ఉపయోగపడింది. అలసందల పుచ్చు పురుగు చాలాసార్లు పొలంలోనే కాయ మీద గుడ్డు పెట్టేస్తుంది. గింజతో పాటు ఇంట్లోకి వస్తుంది. ఒక్కో ఆడ పురుగు వంద దాకా గుడ్లు గింజలకి అంటిస్తుంది. పిల్ల పురుగు గుడ్డులోంచి నేరుగా గింజలోకి తొలుచుకుని పోయి, లోపలే తిని పెరిగి, వెచ్చటి రోజుల్లో నెల తిరిగేసరికి గుండ్రటి కన్నం చేసుకుని బయటికొస్తుంది. వచ్చినవి మళ్ళీ గుడ్లు పెడతాయి. కోతప్పుడు గుప్పెడు గింజలకి ఒక్క గుడ్డు చుక్క కనిపించినా కొన్ని నెలలకి సంచిలో పిండే మిగులుతుంది.

ఈ సంచిలో మూతి బిగించాక గింజల మధ్య ఉన్న గాలి తప్ప కొత్త గాలి రాదు. ఆ పురుగులే పీల్చి పీల్చి ఆక్సిజన్‌ని తగ్గించేస్తాయి. మామూలుగా 21 శాతం ఉండేది, పురుగు ఎక్కువగా ఉన్న సంచిలో కొద్ది రోజుల్లోనే 5 శాతం దిగువకి పడిపోతుంది. అప్పుడవి తినడం మానేస్తాయి. ఇక్కడ మా పెద్దాడు నన్నడిగిన ప్రశ్న చెప్పాలి. "అమ్మా, అంత ఎండిన గింజలో ఉండే పురుగు నీళ్ళెక్కడ తాగుతుంది?" అన్నాడు. నిజానికి అసలు కిటుకు అందులోనే ఉంది. అది తాగదు. తిన్నదాన్ని ఆక్సిజన్‌తో ఒంట్లో అరిగించుకునేటప్పుడు పుట్టే నీటితోనే బతుకుతుంది. ఆక్సిజన్ లేకపోతే ఆ నీరు పుట్టదు, పురుగు ఎండిపోయి చస్తుంది. ఊపిరాడక వెంటనే చచ్చిపోతుందని చాలామంది అనుకుంటారు గానీ, అది నెమ్మదిగా జరిగే పని. అందుకే కట్టిన వారానికే విప్పి చూసి "ఇంకా పాకుతున్నాయే" అని తిట్టుకోకూడదు. విప్పితే కొత్త గాలి పోతుంది, మళ్ళీ మొదటికొస్తుంది.

నేనింతగా ఈ సంచి వైపు మొగ్గడానికి కారణం పురుగు కాదు, పురుగుకి పెట్టే బిళ్ళలు. గింజల్లో వేసే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళ గాల్లోని తేమ తగలగానే ఫాస్ఫీన్ అనే విషవాయువుని వదులుతుంది. అది పీల్చినవాళ్ళకి విరుగుడు మందు లేదు. గోడ పగుళ్ళలోంచి, తలుపు సందుల్లోంచి పక్క గదిలోకి పాకుతుంది. మనుషులుండే ఇంట్లో వాడకూడనిది అది. అయినా పల్లె ఇళ్ళలో గింజల గదికీ పిల్లలు పడుకునే గదికీ మధ్య ఉండేది ఒక్క గోడే. మా ఇల్లూ అంతే. ఆ బిళ్ళలు ఇంట్లోకి రానివ్వనని నేను మొదటినుంచీ పట్టుపట్టాను. రానివ్వకపోతే ఇంకేం చెయ్యాలి? బూడిద కలపడం, మాటిమాటికీ ఎండబెట్టడం, జల్లెడ పట్టడం. ఆ పనంతా నాదీ అత్తయ్యదీ. ఈ సంచి వచ్చాక ఆ మాటిమాటికీ ఎండబెట్టే పని తప్పింది. సాయంత్రాలు పిల్లల పుస్తకాల దగ్గర కూర్చోగలుగుతున్నాను. ఒక వస్తువు గురించి రాసేటప్పుడు ఈ మాట కూడా లెక్కలోకి రావాలని నా అభిప్రాయం.

ఇక ఎండ దగ్గరికి వద్దాం. సంచి గింజని ఆరబెట్టదు. ఇది నల్లటి పెద్ద అక్షరాలతో సంచి మీదే అచ్చు వేయాల్సిన మాట. లోపల పెట్టిన తేమ లోపలే ఉంటుంది, గోనె సంచిలోలాగా మెల్లగా ఆరే దారి కూడా ఉండదు. మొక్కజొన్న అయితే తేమ 13 శాతానికి దగ్గర్లో, పప్పుగింజలు 12 దగ్గర్లో ఉండాలి. పచ్చి గింజ పెట్టి కడితే పురుగు చచ్చినా బూజు పడుతుంది, పులిసిన వాసన వస్తుంది, విత్తనం మొలకెత్తదు. బూజు పట్టింది కదా అని ఆ గింజని కోళ్ళకి చల్లేయడం మరీ ప్రమాదం. 1960లో ఇంగ్లండులో బూజు పట్టిన వేరుశనగ పిండి తిని లక్షకు పైగా టర్కీ కోళ్ళు చచ్చిపోయాయి. బూజు వదిలే అఫ్లటాక్సిన్ అనే విషం సంగతి లోకానికి తెలిసింది అప్పుడే. మామూలు వంట వేడికి అది పోదు. ఆవుకి పెడితే పాలలోకీ దిగుతుంది. ఆ పాలు తాగేది మన పిల్లలే.

మా అత్తయ్య గింజని పంటి కింద పెట్టి కొరికి చూస్తుంది. పటుక్కున విరిగితే ఆరినట్టు, మెత్తగా నొక్కుకుంటే ఇంకో రోజు ఎండ కావాలన్నట్టు. ఆవిడ పన్ను చెప్పింది చాలావరకు నిజమే అవుతుంది. అయినా నేను ఉప్పు పరీక్ష కూడా చేస్తాను. బాగా పొడిగా ఉన్న గాజు సీసాలో కొన్ని చెంచాల పొడి ఉప్పూ, సగం దాకా గింజలూ వేసి, మూత పెట్టి బాగా కదిపి, పావుగంట కదలకుండా ఉంచాలి. ఉప్పు గాజుకి అంటుకుంటే తేమ 15 శాతం పైనే ఉందని అర్థం. అంటుకోకపోతే 15కి తక్కువ. ఇక్కడ ఆగిపోకూడదు. 15కి తక్కువ అంటే 14 కూడా కావచ్చు, అది మన సంచికి చాలదు. కాబట్టి సీసా పాస్ అయ్యాక కూడా ఒక మంచి ఎండ అదనంగా ఇవ్వండి. గదిలో గాలి తేమని కొలిచే చిన్న మీటరు దొరికితే ఇంకా నయం. దాన్ని గింజలతో పాటు జిప్ ఉన్న ప్లాస్టిక్ కవరులో పెట్టి, అంకె కదలడం ఆగేదాకా చూడాలి. 65 శాతానికి లోపు ఆగితే కట్టేసుకోవచ్చు (ఇది కవరులోని గాలి తేమ, గింజ తేమ కాదు). ఆ అంకె చదివి నాకు చెప్పే పని మా చిన్నదానిది. బడి నుంచి రాగానే పుస్తకాల సంచి భుజం మీంచి తీయకుండానే మీటరు దగ్గరికి పరిగెత్తుతుంది.

ఆరిన గింజని ఎండలోంచి ఎత్తిన వెంటనే సంచిలో పోయకూడదు. "చల్లారనీ అమ్మాయ్, వేడి మీద మూట కడితే చెమట పడుతుంది" అని అత్తయ్య ఎప్పుడూ అనే మాటే. వేడి గింజ చల్లబడేటప్పుడు ఆవిరి ప్లాస్టిక్ గోడకి తగిలి నీరవుతుంది, ఆ తడి దగ్గరే బూజు మొదలవుతుంది. అందుకని సాయంత్రం ఎత్తి, పొడి గదిలో బట్ట కప్పి ఉంచి, మర్నాడు పొద్దున మంచు తేమ తగలకుండా లోపలే పోస్తాం. చెరగడం కూడా శ్రద్ధగా చేయాలి. చాటలో ఒక్క ఎండు కాడ, ఒక్క తొడిమ మిగిలినా అది లోపలి పొరని పొడుస్తుంది.

కట్టే విధానం వినడానికి సులువే, చేతికి అలవాటు కావాలి. లోపలి సంచిలో గింజ పోసి, కుదుపుతూ ఖాళీలు లేకుండా నింపాలి. పైన మూతి కట్టుకోవడానికి సరిపడా ప్లాస్టిక్ వదలాలి. చేత్తో నొక్కి గాలి బయటికి పోనిచ్చి, మూతిని తాడులా గట్టిగా మెలిపెట్టి, ఆ మెలికని వెనక్కి మడిచి, పురికొసతో బిగించి కట్టాలి. తర్వాత రెండో పొరకీ అంతే, చివర పై సంచికీ అంతే. మూడు పొరలూ కలిపి ఒకే ముడి వేసేస్తే ఆ సంచి కొనీ దండగ. కొందరు మూతి కట్టు కోసం సంచితో పాటు సన్నటి ప్లాస్టిక్ తాడు ఇస్తారు. అది జారుతుంది. దాన్ని పక్కన పెట్టి పురికొసో, పాత సైకిల్ ట్యూబు నుంచి కోసిన రబ్బరు పట్టీయో వాడండి.

ఇక నచ్చనివి. మొదటిది, ముందే చెప్పాను, రోజువారీ వాడకానికి ఇది కుదరదు. విప్పిన ప్రతిసారీ గాలి పోతుంది, చావకుండా మిగిలిన గుడ్డో పిల్ల పురుగో మళ్ళీ తేరుకుంటుంది. మా ఇంట్లో చేసేదేమిటంటే, ఒక సంచి విప్పామంటే అందులోది కొన్ని వారాల వాడకానికి డబ్బాలో పోసుకుని, మిగతాది అప్పటికప్పుడే గాలి తీసి మళ్ళీ కట్టేస్తాం. విప్పని సంచుల జోలికి పోము. చిన్న కుటుంబానికి 10 కిలోలు, 20 కిలోలు పట్టే సంచులు అన్నిచోట్లా దొరికితే ఈ బాధ ఉండదు. పెద్ద రైతునే దృష్టిలో పెట్టుకుని తయారుచేస్తున్నారనిపిస్తుంది. ఇంట్లో గింజ కొలిచి తీసేది ఎవరో వాళ్ళు ఆలోచించాలి.

రెండోది ఎలుక. మూడు పొరలున్నా ఎలుక పంటికి అడ్డు కాదు. సంచులు చెక్క బల్ల మీద, గోడకి జానెడు దూరంలో, చుట్టూ చీపురు తిరిగేంత చోటు ఉండేలా పెట్టాలి. గదిలో గింజలు చిందకుండా చూసుకోవాలి. చిందిన గింజ వాసనకే ఎలుక వస్తుంది. బయటి పొరకి చిల్లు పడితే కంగారు లేదు. లోపలి రెండింట్లో ఒకదానికే పడినా రెండోది కాపాడుతుంది. రెండింటికీ పడితే అది మామూలు సంచే. ఎండ తగిలే చోట, వాన జల్లు కొట్టే చోట పెట్టకూడదు. ఎండకి ప్లాస్టిక్ పెళుసై చిట్లుతుంది.

మూడోది, కొత్త సంచి అని నమ్మి గింజ పోయకూడదు. అతుకు సరిగా అంటని సంచి నాకొకటి తగిలింది. పోయకముందే పట్టుకున్నాను కాబట్టి గింజ దక్కింది. ప్రతి లోపలి పొరనీ విప్పి గాలి నింపి, మూతి మెలిపెట్టి పట్టుకుని, నెమ్మదిగా నొక్కుతూ వినాలి. ఎక్కడైనా సన్నగా సుయ్‌మని శబ్దం వస్తే అక్కడ చిల్లు. ఈ పని పిల్లలకి ఇవ్వండి, పెద్దవాళ్ళ కంటే వాళ్ళ చెవులే బాగా పడతాయి. మా ఇద్దరూ సంచికి చెరో వైపు చెవి ఆనించి "ఇక్కడమ్మా" అని చూపిస్తారు. సూదిమొనంత చిల్లయితే రెండు వైపులా టేపు అంటిస్తే సరిపోతుంది. జాగ్రత్తగా వాడితే ఒకటే సంచి రెండు మూడు కోతలకి వస్తుంది. ప్రతిసారీ కడిగి నీడన ఆరబెట్టి, మళ్ళీ ఇదే గాలి పరీక్ష చేసుకోవాలి.

ధర మామూలు సంచి కంటే ఎక్కువ, అది నిజం. కొత్తలో మా ఆయన కూడా దానికే తటపటాయించారు. కానీ మామూలు సంచిలో పుచ్చిపోయే గింజని కొలిచి చూసుకుంటే ఆ తేడా పెద్దదిగా అనిపించదు. కోత కాగానే ధర పడిపోయినప్పుడు అమ్మేయకుండా, నాలుగు నెలలు ఆగి అమ్ముకునే ధైర్యం కూడా దీనివల్లే వచ్చింది. అయితే ఇంట్లో ఉండే గింజ రెండు నెలల్లో అయిపోయేదైతే ఈ ఖర్చు అనవసరం.

అన్నిటికంటే నాకు తృప్తినిచ్చింది విత్తనం. గింజలో తేమ ఒక్క శాతం తగ్గించినా, ఉంచే చోటు వేడి 5 డిగ్రీలు తగ్గించినా విత్తనం ఆయుష్షు రెట్టింపవుతుందని హారింగ్టన్ అనే శాస్త్రవేత్త చెప్పిన లెక్క ఒకటి ఉంది. ఎంత పొడిగా ఉన్నా కుదిరే సూత్రం కాదు గానీ, మన ఇళ్ళలో ఎండబెట్టే గింజకి బాగానే సరిపోతుంది. శరదృతువులో బాగా ఆరబెట్టి, ఇంట్లో చల్లటి మూల పెట్టుకుంటే ఈ రెండూ దక్కుతాయి. ఆ ఎండిన గింజ చుట్టుపక్కల గాలిలోని తేమని మళ్ళీ పీల్చుకోకుండా సంచి చూసుకుంటుంది. గోనె సంచి చేయలేని పని అదే. విత్తే ముందు నూరు గింజలు తడి గుడ్డలో చుట్టి మొలక చూస్తాం. ఈ సంచిలోంచి తీసినవి దట్టంగా, ఒకేసారి మొలకెత్తుతున్నాయి. పురుగు తొలిచిన గింజల్లో మొలక ఉన్నా నీరసంగా వస్తుంది. అలాంటివి ఇప్పుడు ఏరాల్సిన అవసరమే రావడం లేదు.

ఇందులో పెట్టకూడనివి కూడా చెప్పి ముగిస్తాను. బంగాళాదుంపలు, ఉల్లి, వెల్లుల్లి, గుమ్మడికాయ, ఇవన్నీ కోసాక కూడా ఊపిరి పీల్చే పచ్చి సరుకులు. గాలి ఆడని సంచిలో కుళ్ళిపోతాయి. వాటికి గాలాడే బుట్టలే సరి. పిండి, రవ్వ కూడా నేను ఇందులో పెట్టను, అవి డబ్బాలోనే. ఇక గింజ సంచి మీద గింజ పేరూ, కోసిన నెలా, కట్టిన తేదీ మార్కరుతో రాసుకోండి. మూడు సంచులు పక్కపక్కన ఉంటే విత్తనం ఏదో తిండిగింజ ఏదో పైనుంచి చూస్తే తెలియదు, విప్పి చూసే పని పెట్టుకోకూడదు. ఈ కోతకి మేం అలసందలకీ మొక్కజొన్నకీ 50 కిలోలవి తీసుకున్నాం, విత్తనానికి దొరికినంతలో చిన్నవి వెతుకుతున్నాం.